వెనక్కెళ్ళి దిద్దడానికి లేదు

“మార్సుకుంటే ఇప్పుడే మార్సుకోవాల వదినా. ఒకసారి కొత్తదాన్లోకి ఎక్కించీసినాక మరింకవ్వదు” అన్నాడు మా మరిది.

అన్నగారి తిథికని హైదరాబాదు నుంచి వచ్చాడు. కవిటి దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఆ కార్యక్రమం అయిపోయాక, సెలవు ఇంకా మిగిలుందని నాతోపాటు కాశీబుగ్గ వచ్చి మా కంప్యూటర్ల ముందు కూర్చున్నాడు. అతనిదీ సాఫ్ట్‌వేర్ పనే. ఖాళీగా ఉండమంటే ఉండలేడు. మా పాత మిషన్ నత్తనడక నడుస్తోందని నేనే నోరు జారాను. ఇక వదిలిపెడితేనా!

అతను మార్చమంటున్నది పేర్లని. ఏ పని ఎవరు చేశారో చెప్పే పేర్లు. మా ఆయన మంచం పట్టిన దగ్గర్నుంచి నేను చేసిన పనంతా ఆయన పేరునే రాసి ఉంది. ఆయన పోయాక చేసింది కూడా. అది పొరపాటున జరిగింది కాదు, తెలిసే జరిగింది. ఇప్పుడు దాన్ని నా పేరుకి మార్చాలా, అలాగే ఉంచాలా అన్నది నేను తేల్చాలి. చెప్పుకుంటే చిన్న విషయం. నాకు మాత్రం, ఆయన ఏ రోజు దాకా పని చేశాడో, ఏ రోజు నుంచి చెయ్యలేకపోయాడో నా చేత్తో నేను గీత గీసి చూపించమన్నట్టు ఉంది.

మా ఆయన నాకు మేనబావే. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే, ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. మా ఊరు సంతబొమ్మాళి వైపు. ఇద్దరం టెక్కలిలో డిగ్రీ చదివాం, ఆయన నాకంటే ముందు. ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాడూ విశాఖ బస్సో హైదరాబాదు రైలో ఎక్కేవాడు. మా బావ మాత్రం కాశీబుగ్గలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని, ముందు గదిలో టైపింగు, కంప్యూటరు నేర్పిస్తామని బోర్డు పెట్టాడు. లోపలి గదిలో జీడి ఫ్యాక్టరీల కోసం ప్రోగ్రాం రాసేవాడు. ఎన్ని బస్తాల పిక్కలు కొట్టుకి వచ్చాయి, కాల్చి కొట్టాక పప్పు ఎంత దిగింది, అందులో నిండు పప్పెంత, బద్దెంత, ముక్కెంత అని తూకం చీటీలు తీసే ప్రోగ్రాం అది. పలాసలో జీడి ఫ్యాక్టరీకి ఈ తూకమే ప్రాణం. నిండు పప్పు తగ్గితే ఎక్కడ తగ్గిందో షావుకారికి సాయంత్రానికల్లా తెలిసిపోవాలి.

ముందు గదిలో పిల్లలకి పాఠం చెప్పేది నేను. పాఠం అయ్యాక లోపలికొచ్చి ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. టైపు కొట్టేది ఆయన, వెనక నుంచి తప్పులు పట్టేది నేను. “నువ్వలాగ మీద పడిపోతే నాను రాయలేనే” అని విసుక్కునేవాడు. నేను లేచి వెళ్ళిపోతే కాసేపటికి పిలిచేవాడు.

మొదట్లో అన్నీ ఫ్లాపీల్లో దాచేవాళ్ళం. ఒకసారి సోంపేట ఫ్యాక్టరీలో బాగా నడుస్తున్న ప్రోగ్రాం మీద మేం ఇంకా సగమే రాసిన కొత్తదాన్ని మా బావ ఎక్కించేశాడు. పాతది మా దగ్గరా లేదు, వాళ్ళ దగ్గరా లేదు. షావుకారు పిక్కల బస్తా మీద కూర్చుని, పనివాళ్ళందరి ముందూ అడగవలసినవన్నీ అడిగాడు. ఆ రోజు మా బావ అన్నం సరిగా తినలేదు. కొన్నాళ్ళకి ఏదో కంప్యూటర్ పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలోంచి ఒక సరంజామా తీసి, ఒక పాత మిషన్‌లో ఎక్కించాడు. ప్రోగ్రాంలో ఏది మార్చినా ఆ మిషన్‌కి అప్పగించాలి. దాన్నే కమిట్ చెయ్యడం అంటారు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని ఒక ముక్క రాయించుకుని, కొత్తదాన్ని తీసుకుని, పాతదాన్ని పారెయ్యకుండా దాచిపెడుతుంది. కావాలంటే ఏ రోజు ప్రోగ్రాం ఆ రోజులాగే తీసి ఇస్తుంది.

అందులో ఆయన ఇద్దరికీ చెరో పేరు పెట్టాడు, ఆయన లాగిన్ ఒకటి, నాది ఒకటి. నా పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టాడు. నేను దాని మొహం చూడలేదు. పక్కన కూర్చుని చెప్పేదానికి నాకు వేరే పేరెందుకు? మా ఇద్దరి పనీ ఆయన పేరునే జమయ్యేది.

దాంతో ఆయనకి ఒక పట్టింపు వచ్చింది. ఒకసారి రాసి అప్పగించిందాన్ని ముట్టుకోకూడదు. తప్పుంటే తప్పని ఇంకోటి రాసి అప్పగించాలి గాని, వెనక్కెళ్ళి పాతదాన్ని దిద్దకూడదు. ఒకసారి ఒక షావుకారు వారంలో మూడు రకాలుగా చీటీ మార్పించాడు. ఎందుకు మార్చారు అన్న చోట, “ఈ మనిషికి ఏం కావాలో వాళ్ళమ్మకైనా తెలుసో లేదో” అని రాయమన్నాను. నవ్వుకుంటూ రాసేశాడు. మర్నాడు నాకే భయమేసింది.

“తీసీ బావా, ఎవులైనా సూత్తే బాగోదు.”

“ఇప్పుడు తియ్యడానికి లేదు.”

“లేదా, తియ్యవా?”

“దొంగదారి ఉన్నాది. నానెల్లను. ఒకపాలి ఎల్లినామంటే ఇందులో ఏది నిజమో మనకే నమ్మకం ఉండదు.”

ఆ తిట్టు ఇప్పటికీ అలాగే ఉంది, ఆయన పేరున.

ఇలా అన్నీ దాచుకోవడంలో ఒక చిక్కుంది. ఆ మిషన్ తాజా ప్రోగ్రాంని మాత్రమే నిండుగా ఉంచుకుంటుంది. పాతవాటికి తేడాలు మాత్రమే దాస్తుంది. నిన్నటిది కావాలంటే ఈరోజుదాన్లోంచి ఒక తేడా తీసి ఇస్తుంది. మొదటి ఏడాదిది కావాలంటే మధ్యలో జరిగిన మార్పులన్నీ ఒక్కొక్కటే వెనక్కి విప్పుకుంటూ పోవాలి. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ విప్పడం పెరిగిపోయింది. మొత్తం చరిత్ర చూపించమని అడిగి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసులు కడుక్కుని వచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండేది. అందుకని ఎవరం అడిగేవాళ్ళం కాదు. అన్నీ ఉన్నాయన్న ధైర్యమే తప్ప తీసి చూసింది లేదు.

ఒక శీతాకాలం ఉదయం ఆయన మొహం వాచి లేచాడు. నేను దోమలు కుట్టాయేమో అన్నాను. నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెప్పాడు, కిడ్నీలు పాడయ్యాయని. సోంపేటలో రక్తపరీక్ష చేయించుకున్నానని, విశాఖ వెళ్ళాలన్నారని.

కవిటి మనిషికి ఆ మాట విడమర్చి చెప్పక్కరలేదు. మా మామగారు అలాగే పోయారు. మా అత్తగారింటికి అటూ ఇటూ ఇళ్ళల్లో అదే కథ. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, డాక్టర్లు వచ్చి రక్తం తీసుకుని వెళ్తారు, ఇంకా తేలలేదంటారు. కొబ్బరితోట అంత పచ్చగా ఉంటుంది, కింద మంచాల మీద మనుషులు పసుపుపచ్చగా పడుకుని ఉంటారు. నాకు ఆ తోటలంటే అప్పట్నుంచే కోపం. ఇప్పటికీ అటు బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చోను.

వారానికి రెండుసార్లు రైల్లో విశాఖ వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని రావడం మొదలైంది. వెళ్ళిన రోజు మనిషి మనిషిలా ఉండడు. మర్నాడు కాస్త తేరుకుంటాడు, అంతలోనే మళ్ళీ ప్రయాణం. ఫ్యాక్టరీల వాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. పిక్కల కాలం వచ్చిందంటే వాళ్ళకి ఇంకేం కనపడదు. నేను ఆయన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాను. కంప్యూటర్లో ఆయన లాగిన్ తెరిచే ఉండేది. మొదటిసారి పని పూర్తి చేసి అప్పగించబోతూ లోపలికి కేకేశాను.

“బావా, నా పేరున ఎయ్యనా?”

ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“నా పేరున్నే ఎయ్యి. మంచమెక్కినోడు పని సేత్తన్నాడనుంటే నాకు బాగుంటాది.”

అలా మొదలైంది. ఎవరైనా ఫోన్ చేస్తే, “బావ చూశాడండి, సరిచేసి పంపాడండి” అనేదాన్ని. ఎందుకు మార్చారు అన్న చోట రాసే ముక్క కూడా ఆయన రాసినట్టే రాయడం నేర్చుకున్నాను. ఆయన రాత బద్ధకపు రాత. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అదీ ఉద్దానం తెలుగు. “ముక్క తూకం సూసినాను, బాగున్నాది” అని కొట్టి వదిలేసేవాడు. నేను అదే బద్ధకం శ్రద్ధగా చూసి రాసేదాన్ని. చదివి వినిపిస్తే నవ్వేవాడు. “అచ్చం నాలాగే ఏడ్సినావు” అనేవాడు. ఆయన నవ్వుతాడనే సగం పని చేశానేమో.

బాగున్న రోజుల్లో ఆయనా లేచి కాసేపు కూర్చునేవాడు, నేను ముందు గదిలో పిల్లలకి పాఠం చెప్పే వేళ. చేతికి కట్టుండేది. ఏం చేశావని అడిగితే, “ఏటీ లేదు, ఊరికినే సూత్తన్నాను” అనేవాడు. మనసు నిలవక కూర్చుంటున్నాడనుకున్నాను.

ఒక రోజు ఫోనులో ఒక షావుకారు అరుస్తున్నాడు. బద్ద పప్పు తూకం నిండు పప్పులో కలిపేసి చూపిస్తోందట చీటీ. పనివాళ్ళకి మెచ్చుకోలు చెప్పి, సాయంత్రం గోదాములో బస్తాలు తూచి చూసుకుంటే మోసం బయటపడింది. వెతికితే తప్పు దొరికింది. ముందురోజు నేను చేసిన మార్పు పక్కనే ఉంది. నా చెయ్యే జారిందనుకున్నాను. సరిచేసి, ఆయన పేరున అప్పగించి, లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. నీ పేరు చెడగొట్టాను బావా, ఇన్నేళ్ళలో నీ వల్ల ఇలాంటి తప్పు జరగలేదు అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు.

“పోనీలేవే. తప్పు సెయ్యనోడెవుడు?”

ఎంత బాగా ఓదార్చాడో. ఆ రాత్రంతా ఆ మాటే తల్చుకుని పడుకున్నాను.

మరుసటి ఏడు వేసవిలో ఆయన పోయాడు. విశాఖ నుంచి తిరిగి వచ్చే రైల్లో, మా స్టేషన్ ఇంకా రాకుండానే. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నెల తిరక్కుండా నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నాను. కూర్చోకపోతే ఇల్లు గడవదు, అదొకటి. లాగిన్ ఆయనదే తెరిచి ఉంది. మార్చాలంటే ముందు ఆయన్ని బయటికి పంపాలి, తర్వాత నేను లోపలికి రావాలి. ఆ మీట నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. అలా మూడేళ్ళు. ఆ మిషన్ లెక్కలో మా బావ చక్కగా బతికే ఉన్నాడు. ఉదయం పదింటికి పని మొదలుపెడుతున్నాడు, పండగకి సెలవు తీసుకుంటున్నాడు, జీడి కాలంలో ఆదివారం కూడా కష్టపడుతున్నాడు.

మా మరిది చూసి బెదిరిపోయింది అదే. “అన్న పోనాక కూడా అన్నే సేసినట్టున్నాది వదినా” అన్నాడు. నేను జరిగింది చెప్పాను.

అతను తెచ్చిన కొత్త పద్ధతి ఇప్పుడు పెద్ద కంపెనీల్లో వస్తున్నదట. పాతదాన్ని విప్పుకుంటూ పోనక్కర్లేదు, ఏ రోజుది అడిగినా ఇట్టే తీసి ఇస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. అందులో ప్రతి మార్పుకీ దాని ముందున్న మార్పు ఆధారం. ఎక్కడో వెనక ఒక్క అక్షరం కదిలించినా, అక్కడినుంచి ముందుకున్నవన్నీ వేరేవైపోతాయి, దొంగతనం దాగదు. దొంగదారి కూడా లేకుండా చేశారన్నమాట. మా బావ ఉంటే ఎగిరి గంతేసేవాడు. కాబట్టి పాతవాటిని అందులోకి మోసుకెళ్ళే సమయంలోనే పేర్లు సరిచేసుకోవాలి. ఇదొక్కటే సందు.

“నీ పని నీ పేరునుండాల వదినా. రేపు ఎవులైనా అడిగితే ఇది నాను సేసిందని సూపించుకోవాలా వద్దా? అన్న మంచం పట్టిన నాటి నుంచి అన్నీ నీ పేరుకి తిప్పీద్దాం. నిజం నిజంలాగుండనీ.”

అతను అన్నది తప్పు కాదు. కాని నాకు ఒళ్ళు మండింది. మంచం పట్టిన రోజు నుంచి అంటే ఏ రోజు నుంచి? మధ్యలో ఆయన లేచి కూర్చున్న మధ్యాహ్నాల మాటేమిటి? అందులో ఏది ఆయన రాసింది, ఏది ఆయన్ని చూసి నేను రాసింది? ఆయనలాగే రాశానే, నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? నావని చెప్పి ఆయనవి కూడా లాక్కుంటానేమో. మనిషి పోయింది చాలక, చివరి ఏడాది పని కూడా తీసేసి, ఉత్తి రోగిగా మిగల్చాలా?

“ఉన్నదున్నట్టు ఎక్కించీ” అన్నాను.

“సరే, ముందు ఎవులెవులి పేర్లున్నాయో సూద్దాం. ఆ పేరు ఎవులిదో దీనికి సెప్పాల” అని ఏదో కొట్టాడు. మిషన్ వెనక్కి విప్పుకోవడం మొదలుపెట్టింది. ఈలోగా కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ మొదటికొచ్చింది. నేను వంట చూసుకుని వచ్చేసరికి తెర మీద రెండు పేర్లున్నాయి. ఒకటి ఆయన లాగిన్. రెండోది నాది.

“నాది ఉండకూడదే” అన్నాను. “నాను ఒక్కసారి కూడా అందులోంచి సెయ్యలేదు.”

“ఉన్నాయి వదినా. తక్కువే గాని ఉన్నాయి.”

తియ్యమన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. ఎందుకు మార్చారు అన్న చోట, ముచ్చటైన బడి తెలుగులో, “నిండు పప్పు తూకమును సరిచేసితిని”, “చీటీ అడుగున తేదీ కనిపించునట్లు చేసితిని”. నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు అలా మాట్లాడతానని ఎప్పుడూ వెక్కిరించేవాడు. సరిచేసితిని అట! నా జన్మలో ఆ మాట అన్నది లేదు. చదువుతుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి, మరిది ముందు సిగ్గు కూడా వెయ్యలేదు.

నేను ఆయన పేరున పని చేస్తున్నన్నాళ్ళూ, ఆయన నా పేరున పని చేశాడు. చేతికి కట్టుతో, ముందు గదిలోంచి నా గొంతు వినపడుతున్నంతసేపూ.

ఎందుకో మాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయన పట్టింపు ఆయనది కదా. వెనక్కెళ్ళి రాయడానికి లేదు. రేపు ఆయన లేకపోయాక, ఈ ప్రోగ్రాం నాదీ అని నేను చెప్పుకోవాలంటే, నా పేరు ముందు నుంచే అందులో ఉండాలి. ఉండాలంటే ఏ రోజుది ఆ రోజే వెయ్యాలి. తను ఉండగానే నాకు గతం వేసి పెట్టాడు.

తూకం చీటీ తప్పు కూడా అందులోనే ఉంది. బద్ద పప్పుని నిండు పప్పులో కలిపేసిన మార్పు. నా పేరున, మధ్యాహ్నం పూట, “తూకమును చక్కపరచితిని” అని. ఆ తప్పు ఆయనది. నాకు ముద్ద దిగలేదు ఆ రోజు. నేను ఏడుస్తుంటే ఆయన దర్జాగా తల నిమిరి క్షమించాడు. దొంగ మనిషి! ఉంటే ఆ క్షణాన రెండు తగిలించేదాన్ని. చరిత్ర ప్రకారం తప్పు చేసింది నేను, సరిచేసింది ఆయన. జరిగింది అడ్డంగా తిరగేసి ఉంది.

“రెండు వైపులా తిరగేసీద్దాం వదినా. నీవి నీకు, అన్నవి అన్నకి” అన్నాడు మరిది. అతని కళ్ళూ ఎర్రబడ్డాయి. “ఇప్పుడైతే ఏవి ఎవులివో తెలుస్తన్నాయి గదా.”

నేనూ దాదాపు సరే అన్నాను. నా పేరున ఉన్నవి నిస్సందేహంగా ఆయనవి, ఆయనకి ఇచ్చెయ్యొచ్చు. చివరి ఏడాది ఆయన చేసిన పని ఇదీ అని చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? అప్పుడు అతను అన్నింటికంటే పాతది, నా పేరున మొట్టమొదట వేసినదాన్ని తెరిచాడు. చిన్న మార్పు. పిక్కల బస్తా బరువు రాసే చోట ఒక గడి పెంచాడు. నేను తేదీ చూశాను. మళ్ళీ చూశాను.

“అన్నకి ఒంట్లో బాగోలేదని మీకు తెలిసింది శీతాకాలం గదా వదినా?”

అవును. మొహం వాచి లేచిన ఉదయం. నాకు చెప్పింది ఆ రోజే, నేను అత్తకీ మరిదికీ ఫోన్ చేసిందీ ఆ రోజే. ఈ తేదీ దానికి ముందు వానాకాలానిది.

సోంపేట ఫ్యాక్టరీకి వెళ్ళొస్తానని ఆ వానల్లో ఒంటరిగా వెళ్ళొచ్చిన రోజులు నాకు గుర్తుకొచ్చాయి. రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని నేను ఎన్నడూ అడగలేదు. ముందువారమేమో అనుకున్నాను. తండ్రి ఎలా పోయాడో చూసినవాడు, ఆ కాగితం చేతిలో పట్టుకుని సోంపేట బస్టాండులో ఎంతసేపు నిలబడ్డాడో. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. నా లాగిన్ తెరిచి నా పేరున ఒక చిన్న పని చేశాడు.

పేర్లు తిరగేస్తే ఆ మార్పు కూడా ఆయన చేసిన వందల మార్పుల్లో కలిసిపోతుంది. బస్తా బరువు గడి పెంచాడు, అంతే. ఆయనకి ఎప్పటినుంచి తెలుసో, ఆ సంగతి ఒంటరిగా ఎన్ని నెలలు మోశాడో చెప్పే ఆనవాలు ఈ లోకంలో అదొక్కటే, అదీ నా పేరు తప్పుగా ఉండబట్టి.

“ఏదీ ముట్టుకోకు” అన్నాను. “తప్పులు తప్పుల్లాగే ఎక్కించీ.”

ఎక్కించేశాడు. ఇక మార్చడానికి లేదు.

మరిదిని రైలెక్కించి వచ్చాక, ఆ వానాకాలం ఆ తేదీ చుట్టుపక్కల నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. పెద్దగా ఏమీ దొరకలేదు. ఒక్కటి దొరికింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, “కూరలో ఉప్పు తగ్గించవే” అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ వంకపెట్టినవాడు కాదు. నాకు రోషమొచ్చింది. నా వంట సహించకపోతే మీ అమ్మ దగ్గరికి పోయి తినమన్నాను. ఆయన మజ్జిగ పోసుకుని తినేసి, చెయ్యి కడుక్కుని లోపలి గదిలోకి వెళ్ళాడు. కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది. నేను కోపంలో ఉన్నాను, ఏం చేస్తున్నావని అడగలేదు.